ఊళ్ళు కలిసి నాటుకున్న నీడ

కెనడాలోని సస్కాచువాన్ రాష్ట్ర రాజధాని రెజీనా నుంచి దక్షిణంగా కారులో బయల్దేరితే, నగరం దాటిన పావుగంటకే చెట్టు కనిపించడం విశేషమైపోతుంది. గోధుమ, కనోలా, పప్పుధాన్యాల చేలు ఆకాశం అంచుదాకా పరుచుకుని ఉంటాయి. కంకర రోడ్లు గీత గీసినట్టు తిన్నగా సాగుతాయి. అలా గంటన్నర వెళ్ళాక రోడ్డు ఒక్కసారిగా కిందికి దిగుతుంది. లోయలో చెట్ల గుంపు, చిన్న చెరువు, చెక్క బల్లలు, పిల్లల ఊయలలు, నాలుగైదు టెంట్లు, వాటి వెనక వరసగా చక్రాల ఇళ్ళలాంటి ట్రైలర్లు. చాలాచోట్ల గేటు దగ్గర మనిషి ఉండడు. ఒక పెట్టె, అందులో కొన్ని కవర్లు ఉంటాయి. వచ్చినవాళ్ళు కవరు మీద పేరు, కారు నంబరు రాసి, అద్దె డబ్బు అందులో పెట్టి, పెట్టె సందులో వేసి లోపలికి వెళ్ళిపోతారు.

వీటిని అక్కడ రీజనల్ పార్కులంటారు. రాష్ట్రం మొత్తం మీద వంద దాకా ఉన్నాయి. బాన్ఫ్, జాస్పర్ లాంటి నేషనల్ పార్కులు లోకమంతటికీ తెలుసు. వీటి పేర్లు పక్క రాష్ట్రం వాళ్ళకే తెలియవు. అయినా గడ్డి తప్ప మరేమీ నిలవని ప్రెయిరీ నేల మనుషులు కాపురముండే చోటుగా ఎలా మారిందో చూడాలనుకునేవాళ్ళు ముందుగా వెళ్ళాల్సింది ఇక్కడికే. ఈ చెరువులు, ఈ చెట్లు, ఈ బల్లలు చుట్టుపక్కల ఊళ్ళు పోగై సంపాదించుకున్నవి. వాటిని ఇవాళ్టికీ నిలబెడుతున్నదీ ఆ ఊళ్ళే.

సస్కాచువాన్ మన రెండు తెలుగు రాష్ట్రాలూ కలిపిన విస్తీర్ణానికి రెట్టింపు కన్నా పెద్దది. 2021 లెక్కల్లో జనాభా 11.3 లక్షలు. ఉత్తరాన సగం అడవులు, సరస్సులు. దక్షిణాన ఉన్నదే ప్రెయిరీ. నైరుతి మూలన ఏడాదికి పడే వానా మంచూ కలిపి 350 మిల్లీమీటర్ల దరిదాపుల్లోనే ఉంటుంది. అనంతపురంలో కురిసేదాని కన్నా తక్కువ. పైగా తెరపి లేని గాలి. అంత తక్కువ తడితో, అంత గాలిలో, వేళ్ళు లోతుకు దింపుకునే గడ్డి బతుకుతుంది గానీ చెట్టు నిలవదు. చెట్టు దానంతట అది మొలిచేది వాగుల పక్కన, లోయల్లో ఉత్తరం వైపు తిరిగిన వాలుల మీద. అక్కడ ఎండ నేరుగా తగలదు, మంచు నెమ్మదిగా కరుగుతుంది. వేల ఏళ్ళ కిందట మంచుపలకలు కరిగినప్పుడు ఉరికిన నీళ్ళు కోసిన లోయలివి. చాలా పార్కులు వాటి అడుగున ఒదిగి ఉంటాయి. అందుకే దగ్గరికి వచ్చేదాకా పైనుంచి కనిపించవు.

1857 నుంచి 1860 దాకా ఈ నేలంతా తిరిగి చూసిన జాన్ పాలిసర్ బృందం, దక్షిణాన ఒక పెద్ద త్రికోణం వ్యవసాయానికి పనికిరాదని తేల్చింది. అయినా 1871లో సర్వే మొదలైంది. నేలనంతా మైలు పొడవు, మైలు వెడల్పు గళ్ళుగా కొలిచారు. 1872 చట్టం ప్రకారం పది డాలర్ల రుసుము కట్టి, అక్కడే ఉండి, కొంత నేల దున్ని చూపించినవాళ్ళకు 160 ఎకరాలు రాసిచ్చారు. అది ఖాళీ నేల కాదు. క్రీ, సోల్టో, నకోటా, మేటీ ప్రజలు బైసన్ మందల మీద ఆధారపడి బతుకుతున్న నేల. 1874 సెప్టెంబరులో క్వాపెల్ లోయలో నాలుగో నంబరు ఒప్పందం కుదిరాక వాళ్ళలో ఒప్పందం చేసుకున్నవాళ్ళను రిజర్వులకు పరిమితం చేసి, మిగతాదంతా వలస రైతులకు తెరిచారు. దున్నని గడ్డినేల ఇప్పుడు ఐదో వంతు కూడా మిగల్లేదు. ఆ మిగిలిన చోట్ల టీపీ గుడారాల అంచులు ఎగిరిపోకుండా పేర్చిన రాళ్ళ వలయాలు గడ్డిలో ఇంకా కనిపిస్తాయి. ఈ దేశంలో క్యాంపింగ్ చరిత్ర రాయాలంటే ఆ రాళ్ళ దగ్గరే మొదలుపెట్టాలి.

పాలిసర్ భయపడినదంతా 1930లలో జరిగింది. ఏళ్ళ తరబడి కరువు. దున్నిన పైమట్టి గాలికి లేచి మధ్యాహ్నాన్ని చీకటి చేసింది. వేల కుటుంబాలు పొలాలు వదిలేసి ఉత్తరానికి తరలిపోయాయి. 1935లో కెనడా ప్రభుత్వం ప్రెయిరీ పొలాలను మళ్ళీ నిలబెట్టడానికి పీఎఫ్‌ఆర్‌ఏ అనే సంస్థను పెట్టింది. పొలాల్లో నీటిగుంటలు తవ్వించడం, వాగుల మీద చిన్న ఆనకట్టలు కట్టడం, వదిలేసిన బీళ్ళలో గడ్డి చల్లి ఉమ్మడి మేత భూములుగా మార్చడం దాని పనులు.

దానికన్నా ముందే, 1901 నుంచి, ఇండియన్ హెడ్ అనే ఊరు కేంద్రంగా ప్రభుత్వ నర్సరీ రైతులకు ఉచితంగా మొక్కలు పంచుతూ వచ్చింది. కరగానా అనే ముళ్ళపొద, మానిటోబా మేపుల్, యాష్, ఎల్మ్, పాప్లర్. ఇంటి చుట్టూ, పొలం గట్ల వెంట గాలికి అడ్డంగా వరసల్లో నాటడానికి ఇచ్చిన మొక్కలవి. 2013లో మూతపడేదాకా అది పంచిన మొక్కలు 60 కోట్ల పైచిలుకు. ఇవాళ ఏదైనా మైదానపు పార్కులో టెంటు వేసుకున్నవాళ్ళు తలెత్తి చూస్తే చెట్లు తిన్నటి వరసల్లో కనిపిస్తాయి. మనిషి చేయి పడిందనడానికి అదే గుర్తు. ఎవరో రైతు, ఎవరో బడిపిల్లలు బకెట్లతో నీళ్ళు మోసి బతికించిన చెట్లవి.

నీళ్ళు, నీడ ఏర్పడ్డాయి. వాటి చుట్టూ పార్కు ఎలా వచ్చింది? అది తెలియాలంటే సస్కాచువాన్ జనానికి ఉన్న ఒక అలవాటు తెలియాలి. ఒక్క ఊరికి తలకు మించిన పనిని నాలుగూళ్ళు కలిసి చేసుకోవడం వాళ్ళకు పాత సంగతి. 1914లో సార్నియా అనే గ్రామీణ మున్సిపాలిటీ, డాక్టరు ఊరు విడిచి వెళ్ళిపోకుండా పన్నుల డబ్బులోంచి జీతమిచ్చి నిలుపుకుంది. ఆ పద్ధతి పక్క మున్సిపాలిటీలకు పాకింది. 1924లో రైతులు వీట్ పూల్ పెట్టుకుని తమ గోధుమలు తామే అమ్ముకున్నారు. 1944 నుంచి 1961 దాకా రాష్ట్రంలో ప్రీమియర్ టామీ డగ్లస్ ప్రభుత్వం నడిచింది. 1962లో రాష్ట్రమంతటికీ ప్రభుత్వ ఆరోగ్య బీమా వచ్చింది కూడా ఆ బాటలోనే. రీజనల్ పార్కుల చట్టం 1960లో వచ్చింది. డాక్టరును నిలుపుకోవడానికి పనికొచ్చిన సూత్రమే ఈతకొలనుకూ పనికొచ్చింది.

సూత్రం తేలికైనదే. పక్కపక్కనున్న పట్టణం, పల్లెలు, గ్రామీణ మున్సిపాలిటీలు కలిసి ఒక పార్కు అథారిటీగా ఏర్పడతాయి. ఒక్కొక్కటీ తన ప్రతినిధిని బోర్డుకు పంపుతుంది, ఏటా తన వంతు డబ్బు ఇస్తుంది. రాష్ట్ర ప్రభుత్వం కొంత గ్రాంటు ఇస్తుంది. మిగతాది క్యాంపింగ్ అద్దెలు, కార్ల ప్రవేశ రుసుము, విందులు, వేలాలు, విరాళాల మీద నడవాలి. బోర్డు సభ్యులు జీతాల కోసం వచ్చేవాళ్ళు కారు. పొలం పని ముగించుకుని వచ్చి పైపులు బిగించేవాళ్ళు, గడ్డి కోసేవాళ్ళు. వేసవిలో కాలేజీ పిల్లలొకరిద్దరిని పనికి పెట్టుకుంటారు.

గ్రావెల్‌బర్గ్, లాఫ్లెష్ అనే రెండు ఫ్రెంచి పేర్ల ఊళ్ళ మధ్య ఉన్న థామ్సన్ లేక్‌ను రాష్ట్రంలో మొట్టమొదటి రీజనల్ పార్కుగా చెబుతారు. లేక్ అన్నారు గానీ అది వుడ్ రివర్ అనే చిన్న ఏటికి ఆనకట్ట వేస్తే నిలిచిన చెరువు. చుట్టూ ఎటు చూసినా చేలే. ఆ చేల మధ్య ఇసుక ఒడ్డు, పడవలు దించే రేవు, గోల్ఫ్ మైదానం, చెట్ల కింద టెంట్ల చోట్లు. గ్రావెల్‌బర్గ్‌లో వెయ్యి మంది జనానికి అంత పెద్ద చర్చి ఏమిటా అని ఆశ్చర్యపోయేంత కెథడ్రల్ ఉంది. పార్కులో దిగినవాళ్ళు ఒక పూట అటూ వెళ్ళి వస్తారు. చిన్న పార్కులో మకాం వేస్తే కలిసొచ్చేది అదే: పక్క ఊరు కూడా చూసినట్టవుతుంది.

ఇదే కథను చాలా పెద్ద ఎత్తున చూడాలంటే డీఫెన్‌బేకర్ సరస్సుకు వెళ్ళాలి. సౌత్ సస్కాచువాన్ నదికి అడ్డంగా 64 మీటర్ల ఎత్తున మట్టితో కట్టిన గార్డినర్ డ్యామ్ 1967లో పూర్తయింది. దాని వెనక నీరు 225 కిలోమీటర్ల పొడవున నిలిచింది. ఆ ఒడ్డు వెంబడి ఊళ్ళు చాలాచోట్ల పార్కులు పెట్టుకున్నాయి. వాటిలో రివర్‌హర్స్ట్ దగ్గరున్న దాని పేరు పాలిసర్ రీజనల్ పార్కు. పనికిరాదని ఆయన రాసి వెళ్ళిన నేల మీదే ఆయన పేరుతో పిల్లలు ఈత కొడుతున్నారు.

ఇక అక్కడ ఉండటం ఎలా ఉంటుంది? సీజను మే మూడో వారంలో వచ్చే విక్టోరియా డే సెలవులతో మొదలై సెప్టెంబరు మొదటి సోమవారం లేబర్ డేతో దాదాపు ముగుస్తుంది. కొన్ని పార్కులు అక్టోబరు దాకా లాక్కొస్తాయి. ఆ తర్వాత పైపుల్లో నీళ్ళు గడ్డకట్టి పగిలిపోకుండా ఖాళీ చేసి, కుళాయిలు కట్టేస్తారు.

టెంటు వేసుకునే ఒక్కో చోటునూ సైట్ అంటారు. కరెంటు ఉన్నవి ట్రైలర్ల వాళ్ళకు, లేనివి టెంట్ల వాళ్ళకు. సైట్‌కొక చెక్క బల్ల, నెగడు వేసుకోవడానికి ఇనుప చుట్టు ఉంటాయి. మంచినీటి కుళాయి కాస్త దూరంలో. మరుగుదొడ్లు కొన్నిచోట్ల ఫ్లష్‌వి, కొన్నిచోట్ల గుంట తవ్వినవి. స్నానాలకు వేడినీళ్ళు ఉంటాయో లేదో ముందే కనుక్కోవడం మంచిది. చాలా పార్కుల్లో అందరికీ కలిపి ఒక వంటశాల ఉంటుంది: పైకప్పు, మూడు వైపుల గోడలు, మధ్యలో కట్టెలతో మండే ఇనుప పొయ్యి. పొద్దున్న చలిగా ఉన్నప్పుడు, వాన కురుస్తున్నప్పుడు అందరూ చేరేది అక్కడే. కొత్తవాళ్ళకు పరిచయాలయ్యేదీ అక్కడే. ఎక్కడి నుంచి వచ్చారన్నది మొదటి ప్రశ్న. మీ వైపు వాన పడిందా అన్నది రెండోది.

ఈ పార్కుల్లో రెండు రకాల జనం ఉంటారు. ఒక రాత్రికో, రెండు రాత్రులకో వచ్చేవాళ్ళు ఒక రకం. వేసవి మొత్తానికి సైట్ అద్దెకు తీసుకుని ట్రైలర్‌ను అక్కడే ఉంచేసేవాళ్ళు మరో రకం; వాళ్ళను సీజనల్స్ అంటారు. తరచూ వీళ్ళ ఊరు పార్కుకు అరగంట దూరంలోనే ఉంటుంది. అంత దగ్గర ఇల్లు పెట్టుకుని ఇక్కడెందుకుంటారని బయటివాళ్ళకు వింతగా తోస్తుంది. కానీ ప్రెయిరీ రైతుకు పక్కింటివాడు మైలు దూరంలో ఉంటాడు. వేసవిలో నాలుగు వారాలు పక్కపక్కన గోడలు లేకుండా బతకడమే ఆ కుటుంబాలకు కావలసింది. పిల్లలు ఒక సైట్‌లో తిని, ఇంకో సైట్‌లో ఆడి, మరో సైట్‌లో నిద్రపోతారు. చిన్ననాట ఇక్కడ ఈత నేర్చుకున్నవాళ్ళు మనవల్ని తీసుకుని అదే చెట్టు కిందికి వస్తారు.

గోల్ఫ్ గురించి ఒక మాట. ధనవంతుల ఆటగా పేరుపడ్డ గోల్ఫ్ ఇక్కడ రైతుల ఆట. చిన్న పార్కుల్లో తొమ్మిది గుంటల మైదానం ఉంటుంది. పచ్చిక పెంచడానికి నీళ్ళు చాలని చోట, బంతిని గుంటలోకి నెట్టే చివరి వలయంలో నూనె కలిపిన ఇసుక పరిచేవాళ్ళు. ఆడి వెళ్ళేవాళ్ళు తమ అడుగుజాడల్ని తామే చదును చేసి పోవాలి. అలాంటి ఇసుక వలయాలు కొన్ని ఊళ్ళలో ఇంకా మిగిలే ఉన్నాయి.

జూన్ నెలాఖరున సస్కటూన్ నగరంలో సూర్యుడు అస్తమించేది రాత్రి తొమ్మిదిన్నరకు. ఆ తర్వాత కూడా చాలాసేపు వెలుతురు పడమటి అంచున పాకుతూ ఉంటుంది. తెల్లవారుజామున ఐదు కాకముందే మళ్ళీ పొద్దు పొడుస్తుంది. కొత్తవాళ్ళు టెంటులో నిద్ర పట్టక అవస్థ పడతారు; కళ్ళకు గంతలు తెచ్చుకోవడం తెలివైన పని. అయితే ఆగస్టు వచ్చేసరికి చీకటి తొందరగా పడుతుంది, అప్పుడు ఆకాశం చూడాలి. దక్షిణ సరిహద్దులోని గ్రాస్‌లాండ్స్ నేషనల్ పార్కును 2009లో చీకటి ఆకాశపు రక్షిత ప్రాంతంగా ప్రకటించారు. ఆ చుట్టుపక్కల చిన్న పార్కులకూ అదే ఆకాశం. కొన్ని రాత్రులు ఉత్తరాన ఆకుపచ్చని ధ్రువకాంతులు కూడా లేస్తాయి.

వాతావరణంతో మాత్రం చెలగాటమాడకూడదు. జులై మధ్యాహ్నాల్లో పడమట తెల్లటి మేఘం గోపురంలా లేస్తే సాయంత్రానికి వడగళ్ళు పడవచ్చు. టోర్నడోలు వస్తాయి. 1912 జూన్ 30న రెజీనాను ఊడ్చేసిన టోర్నడోలో 28 మంది చనిపోయారు. అంతకన్నా తరచుగా వచ్చేది తిన్నగా వీచి అన్నిటినీ పడగొట్టే పెనుగాలి. ఆ గాలి ముందు టెంటు ఆగదు, బిగించి కట్టని ట్రైలర్ కూడా ఆగదు. అనుభవమున్నవాళ్ళు చేసేది ఒక్కటే. వచ్చీ రాగానే గట్టి గోడలున్న భవనం ఎక్కడుందో చూసిపెట్టుకుంటారు, మేకుల్ని తల టెంటుకు దూరంగా వంగేలా ఏటవాలుగా దిగగొడతారు, రేడియో దగ్గర పెట్టుకుంటారు. గడ్డి ఎండిన నెలల్లో మున్సిపాలిటీలు మంటలు నిషేధిస్తాయి. అప్పుడు నెగడు వేయడం తప్పు, నేరం కూడా. మే, జూన్ నెలల్లో గడ్డిలో నడిచి వచ్చాక ఒంటిమీద గోమార్లున్నాయేమో చూసుకోవాలి. దోమల సంగతి చెప్పనక్కర్లేదు.

ప్రతి పార్కు చుట్టూ ఒక కథ ఉంటుంది. అన్నిటిలోకీ బరువైనది వుడ్ మౌంటెన్‌ది.

పట్టుమని యాభై మంది కూడా లేని పల్లె అది. పక్కనే కొండల మడతలో రీజనల్ పార్కు. 1876 జూన్‌లో అమెరికాలోని లిటిల్ బిగ్‌హార్న్ దగ్గర లెఫ్టినెంట్ కల్నల్ కస్టర్ దళాన్ని ఓడించాక, అమెరికా సైన్యం తరుముతుంటే లకోటా ప్రజలు సరిహద్దు దాటి ఈ కొండల్లోకి వచ్చారు. 1877లో వాళ్ళ నాయకుడు సిటింగ్ బుల్ కూడా వచ్చాడు. అక్కడి చిన్న పోలీసు ఠాణాకు అధికారి జేమ్స్ వాల్ష్. కొద్దిమంది పోలీసులు, వేలమంది లకోటాలు. వాల్ష్ బలప్రయోగం జోలికి పోలేదు, నేరుగా వాళ్ళ గుడారాలకు వెళ్ళి మాట్లాడాడు. వాల్ష్‌కూ సిటింగ్ బుల్‌కూ స్నేహం కుదిరింది. కానీ కెనడా ప్రభుత్వం వాళ్ళకు భూమి ఇవ్వనంది, తిండి ఇవ్వనంది. అప్పటికే బైసన్ మందలు అంతరిస్తున్నాయి. ఆకలికి తట్టుకోలేక గుంపులు గుంపులుగా తిరిగి వెళ్ళారు. 1881 జులైలో సిటింగ్ బుల్ అమెరికా తిరిగి వెళ్ళి లొంగిపోయాడు. వెళ్ళనివాళ్ళు కొందరు అక్కడే ఉండిపోయారు. వాళ్ళ వారసుల లకోటా రిజర్వు వుడ్ మౌంటెన్ దగ్గర ఇప్పటికీ ఉంది. పార్కులో 1890 నుంచి నడుస్తున్న రోడియో ప్రతి జులైలో జరుగుతుంది. కెనడాలో ఆగకుండా నడుస్తున్న రోడియోల్లో అదే పాతదని చెప్పుకుంటారు. ఆ రోజుల్లో కొండవాలు నిండా ట్రైలర్లే. పశువుల కాపరులు, లకోటా కుటుంబాలు, చుట్టాలను చూడటానికి నగరాల నుంచి వచ్చినవాళ్ళు అందరూ ఒకే మైదానంలో దిగుతారు.

కొంచెం తూర్పున విల్లో బంచ్ అనే మేటీ, ఫ్రెంచి పల్లె ఉంది. అక్కడి పార్కుకు జాన్ లూయీ లెగారే అనే వర్తకుడి పేరు పెట్టారు. సిటింగ్ బుల్ మనుషులు ఆకలితో ఉన్న రోజుల్లో తన దుకాణంలోంచి తిండి పెట్టినవాడు, 1881లో బళ్ళు కట్టించి వాళ్ళను అమెరికాలోని ఫోర్ట్ బ్యూఫర్డ్‌కు చేర్చినవాడు ఈయనే. అదే సంవత్సరం ఆ ఊళ్ళో పుట్టిన ఎడ్వర్డ్ బోప్రే ఎనిమిదడుగుల మూడంగుళాలు పెరిగాడు. కుటుంబాన్ని పోషించడానికి ప్రదర్శనల్లో తిరుగుతూ 1904లో అమెరికాలోని సెయింట్ లూయిస్‌లో చనిపోయాడు. ఆ తర్వాత దశాబ్దాల పాటు అతని దేహం మాంట్రియల్ విశ్వవిద్యాలయంలోనే ఉండిపోయింది. బంధువులు పట్టువదలకుండా అడిగి, 1990లో అస్థికలను స్వగ్రామానికి తెచ్చుకోగలిగారు. పార్కులో దిగినవాళ్ళు ఊళ్ళోని మ్యూజియంకు తప్పక వెళ్ళాలి.

పక్షుల కోసం వెళ్ళేవాళ్ళకు లాస్ట్ మౌంటెన్ రీజనల్ పార్కును మించింది లేదు. రెజీనాకు ఉత్తరాన దాదాపు 90 కిలోమీటర్ల పొడవున్న లాస్ట్ మౌంటెన్ సరస్సు పైకొన దగ్గర ఉంటుందది. 1887లో ఆ కొనను పక్షుల కోసం కేటాయించారు. ఉత్తర అమెరికాలో ప్రభుత్వం ప్రకటించిన మొదటి పక్షి రక్షణ కేంద్రం అదే. రైలు మార్గం వస్తే ఆ ఒడ్డంతా రైతులకు వెళ్ళిపోతుందని ముందే కనిపెట్టి చేసిన పని అది. సెప్టెంబరులో బూడిదరంగు శాండ్‌హిల్ కొంగలు వేలకు వేలు అక్కడ వాలతాయి. అదృష్టం బాగుంటే వాటి మధ్య పొడవాటి తెల్లని హూపింగ్ కొంగ కూడా కనిపిస్తుంది. 1941లో ప్రపంచం మొత్తం మీద ఇరవై పైచిలుకు మాత్రమే మిగిలిన పక్షి అది. వేటను నిషేధించి, విడిది చేసే చిత్తడి నేలలను కాపాడితే ఆ అడవి గుంపు ఐదు వందలు దాటింది.

పార్కు నుంచి పార్కుకు వెళ్ళే దారిలో తెలుగువాళ్ళు గుర్తుపట్టదగ్గ పంట ఒకటుంది. మోకాలెత్తు కూడా ఎదగని, సన్నటి ఆకుల మొక్కలు మైళ్ళ కొద్దీ కనిపిస్తాయి. అది మసూర్. మన కిరాణా కొట్లలో మైసూరు పప్పు అని అమ్మేదే. కెనడాలో పండే మసూర్‌లో అత్యధిక భాగం సస్కాచువాన్‌దే. భారతదేశం దానికి పెద్ద కొనుగోలుదారు. 1970ల ముందు ఇక్కడి రైతులకు ఈ పంటే తెలియదు. సస్కాచువాన్ విశ్వవిద్యాలయంలో ఆల్ స్లింకార్డ్ అనే శాస్త్రవేత్త 1978లో లెయర్డ్ అనే రకాన్ని విడుదల చేశాక పరిస్థితి మారింది. అప్పటిదాకా తడి ఆరిపోకుండా రైతులు ఏడాది విడిచి ఏడాది బీడుగా వదిలే నేలలో ఈ పంట కుదురుకుంది, భూమికి నత్రజని కూడా ఇచ్చింది. రెజీనా, సస్కటూన్‌లలో చదువులకో ఉద్యోగాలకో వచ్చి స్థిరపడిన తెలుగువాళ్ళున్నారు. తాము ఇంట్లో వండుకునే పప్పు పొలంలో ఎలా ఉంటుందో చూడటానికి వాళ్ళకు ఈ ప్రయాణాలు మంచి సందు. విల్లో బంచ్‌కు రెజీనా నుంచి సుమారు రెండు గంటలు. ఒక సంగతి: ప్రభుత్వ బస్సు సర్వీసును 2017 మేలో ఎత్తేశారు. కారు లేనివాళ్ళు ఈ ఊళ్ళకు చేరడం కష్టం.

బస్సు ఒక్కటే పోలేదు. ఒకప్పుడు ప్రతి ఎనిమిది, పది మైళ్ళకూ రైలు స్టేషను, దాని పక్కన ధాన్యం నిల్వచేసే ఎత్తైన చెక్క ఎలివేటరు ఉండేవి. రాష్ట్రంలో అవి మూడు వేలకు పైగా ఉండేవి. ఇప్పుడు మిగిలినవి బహుకొద్ది. పొలాల విస్తీర్ణం పెరిగేకొద్దీ కుటుంబాలు తగ్గాయి. బడులు మూతపడ్డాయి. దుకాణం పోయాక, పోస్టాఫీసు పోయాక కూడా పార్కు మిగిలిన ఊళ్ళున్నాయి. వేసవిలో మాత్రం ఆ ఊరు మళ్ళీ ఊరవుతుంది. అందుకే క్యాంపింగ్‌కు వచ్చేవాళ్ళు సరుకులన్నీ నగరంలోనే నింపుకుని రాకుండా, పాలూ రొట్టే పక్క ఊరి కో-ఆప్ దుకాణంలో కొనాలి, ఒక పూటైనా అక్కడి హోటల్లో తినాలి. అది మర్యాద కోసం చెప్పే మాట కాదు. ఆ నాలుగు డబ్బులతోనే ఆ దుకాణం తలుపులు తెరిచి ఉంటాయి.

బోర్డుల్లో కూర్చునేవాళ్ళ వయసు పెరుగుతోంది. చెట్ల వయసూ పెరుగుతోంది. 1930ల నుంచి 60ల దాకా నాటిన వరసల్లో చాలావాటికి కొమ్మలు ఎండిపోతున్నాయి. మొక్కలు పంచిన ఇండియన్ హెడ్ నర్సరీ ఇప్పుడు లేదు కాబట్టి, కొత్త వరస నాటాలంటే పార్కులు తమ డబ్బుతోనే మొక్కలు కొనాలి. ఒక నర్సరీని మూసేయడం బడ్జెట్ కాగితం మీద చిన్న పొదుపు. దాని లోటు తెలిసేది నలభై ఏళ్ళ తర్వాత ఆ పార్కులో గుడారం వేసుకోబోయేవాళ్ళకు. అయినా నాటుతున్నవాళ్ళు నాటుతూనే ఉన్నారు. ఈ నేలలో మొక్క వేరు నిలదొక్కుకోవాలంటే కనీసం మూడు నాలుగేళ్ళు కలుపు తీయాలి, నీళ్ళు పోయాలి, కుందేళ్ళు, జింకలు కొరకకుండా కాపాడాలి.

అన్నిటికన్నా ఎక్కువ నీడనిచ్చే ఎల్మ్ చెట్లకు మరో ముప్పు ఉంది. డచ్ ఎల్మ్ తెగులును చిన్న పురుగులు మోసుకొస్తాయి. అవి బెరడు కింద, నరికి పెట్టిన కట్టెల్లో దాక్కుంటాయి. ఒకరు ఇంటి వెనక నరికిన మొద్దులు కారు డిక్కీలో వేసుకుని పార్కుకు తెస్తే చాలు, ఎనభై ఏళ్ళ చెట్లు రెండు మూడు వేసవుల్లో పోతాయి. సస్కాచువాన్‌లో ఎల్మ్ కట్టెలు రవాణా చేయడం, నిల్వ ఉంచుకోవడం చట్టవిరుద్ధం. ఏప్రిల్ 1 నుంచి ఆగస్టు 31 దాకా ఎల్మ్ కొమ్మలు నరకడమూ నిషిద్ధమే. నెగడుకు కావలసిన కట్టెలు పార్కులోనే అమ్ముతారు, కొన్నిచోట్ల సైట్ అద్దెలోనే కలిపి ఇస్తారు. ఇంటి నుంచి తేవలసింది టెంటు, దుప్పట్లు, దోమల మందు. కట్టెలు అక్కడే కొనాలి, మిగిలినవి అక్కడే వదిలి రావాలి.